ఎన్ఎస్ఎఫ్ ఈపీఎండీ గ్రాంటుకు దరఖాస్తు ఎలా వేయాలి?

కొత్త తరహా ట్రాన్సిస్టర్, చిప్ మీద ఇమిడే లేజర్, అయస్కాంత మెమరీ లాంటి పరికరాల పరిశోధనకు అమెరికాలో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ (ఎన్ఎస్ఎఫ్) డబ్బిచ్చే ప్రోగ్రామ్ ఈపీఎండీ, అంటే ఎలక్ట్రానిక్స్, ఫొటోనిక్స్ అండ్ మాగ్నెటిక్ డివైజెస్. అక్కడి యూనివర్సిటీల్లో కొత్తగా అసిస్టెంట్ ప్రొఫెసర్లుగా చేరిన మనవాళ్లకు మొదట వచ్చే అనుమానం: "హెచ్1బీ మీద ఉన్నాను, వేయొచ్చా?" వేయొచ్చు. గ్రాంటు వచ్చేది యూనివర్సిటీ పేరు మీద కాబట్టి మీ పౌరసత్వం అడ్డు కాదు.

దీనికి గడువు తేదీ లేదు, ఎప్పుడైనా పంపొచ్చు. హాయిగానే ఉంటుంది కానీ, వచ్చే నెల, వచ్చే నెల అనుకుంటూ ఏడాది గడిపేయడానికీ అదే కారణం.

రాయడానికి కూర్చునే ముందే మీ ఆలోచనను ఒక్క పేజీలో పెట్టి ప్రోగ్రామ్ డైరెక్టర్‌కు మెయిల్ చేయండి. మొహమాటపడొద్దు, ఈ ప్రశ్నలకు జవాబివ్వడం వాళ్ల పనే. సర్క్యూట్లు, సెన్సింగ్ సిస్టమ్‌లే ప్రధానమైతే సీసీఎస్ఎస్ అనే పక్క ప్రోగ్రామ్‌కు వెళ్లమంటారు. మెటీరియల్ తయారీ దగ్గరే ఆగిపోయి, పరికరం ఊసే లేకపోతే అది మెటీరియల్స్ విభాగం సరుకు.

దరఖాస్తు రీసెర్చ్.గవ్ సైట్లో నింపాలి. ప్రాజెక్ట్ సమ్మరీ ఒక పేజీ, అందులో మూడు భాగాలు: ఓవర్‌వ్యూ, ఇంటెలెక్చువల్ మెరిట్ (శాస్త్రానికి ఏం ఒరుగుతుంది), బ్రాడర్ ఇంపాక్ట్స్ (సమాజానికి ఏం మేలు). అసలు వివరణ 15 పేజీలు దాటకూడదు. ఎక్కువగా జారిపడేది ఇక్కడే. సమ్మరీలో రాశాం కదా అని, వివరణలో బ్రాడర్ ఇంపాక్ట్స్‌ను వేరే శీర్షిక కింద పెట్టడం మరిచిపోతారు. ఆ ఒక్క శీర్షిక లేకపోయినా రివ్యూ దాకా వెళ్లకుండానే వెనక్కి పంపేయొచ్చు. పరిశోధనలో వచ్చే డేటాను ఎలా భద్రపరిచి పంచుకుంటారో చెప్పే డేటా ప్లాన్ రెండు పేజీలలోపు ఉండాలి. పోస్ట్‌డాక్‌కో (పీహెచ్‌డీ తర్వాత పరిశోధన చేసేవారు), పీజీ లేదా పీహెచ్‌డీ విద్యార్థికో జీతం అడిగితే, వాళ్లకు ఎలా మార్గదర్శనం చేస్తారో చెప్పే మెంటరింగ్ ప్లాన్ ఒక పేజీ తప్పదు.

బయోస్కెచ్, అంటే మీ చదువు, ఉద్యోగాల క్లుప్త వివరం, సైయెన్‌సీవీ అనే ఆన్‌లైన్ సైట్లోనే తయారుచేయాలి. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఏదైనా కాలేజీలో విజిటింగ్ ఫ్యాకల్టీ హోదా ఉంటే, పైసా రాకపోయినా సరే, అందులో చూపించండి. దాచారన్న మాట రాకూడదు.

చివర్లో సబ్మిట్ నొక్కేది మీరు కాదు, యూనివర్సిటీ గ్రాంట్ల ఆఫీసు. బడ్జెట్‌ను వాళ్లు కూడా చూడాలి కనుక మీరు పంపాలనుకున్న రోజుకు కనీసం వారం ముందే ఫైళ్లు అప్పజెప్పండి.

జవాబుకు దాదాపు ఆరు నెలలు పడుతుంది. గ్రాంటు వచ్చినా రాకపోయినా రివ్యూలు మీ చేతికొస్తాయి. రాకపోతే వాటిని పట్టుకుని ప్రపోజల్‌ను బాగా మార్చి మళ్లీ వేయండి. పైపైన సర్ది అదే పంపితే మాత్రం చదవకుండానే తిప్పి పంపేస్తారు.