తీరం ఎలా ఉండాలో ప్రజలతోనే చెప్పించడం: కృష్ణా డెల్టాకు ఒక పద్ధతి

విజయవాడ దగ్గర ప్రకాశం బ్యారేజీ గేట్లు నెలల తరబడి మూసి ఉంటే, దిగువకు మంచినీరు అందదు; దాని ఫలితం కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి వైపు మడ అడవుల్లో పెరిగే ఉప్పదనంలో కనిపిస్తుంది. గుంటూరు, తెనాలి పట్టణాల మురుగు ఏ వాగులో, ఏ డ్రెయిన్‌లో పడినా చివరికి దిగేది బాపట్ల, రేపల్లె తీరాల వైపే. కాబట్టి ఈ తీరం ఆరోగ్యానికి లక్ష్యాలు నిర్ణయించే పని తీర గ్రామాలకే పరిమితమైనది కాదు. కళాశాల బృందమైనా, మత్స్యకార సహకార సంఘమైనా, జిల్లా యంత్రాంగమైనా ఆ పనికి పూనుకున్నప్పుడు ప్రజాభిప్రాయాన్ని ఎలా సేకరించాలో, దానిని ఎలా వాడాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఒక తేడాను స్పష్టం చేసుకోవాలి. చేప బతకడానికి నీటిలో ఎంత ప్రాణవాయువు ఉండాలో శాస్త్రవేత్త చెప్పగలరు. అయితే ఒకే నేలను మడ అడవీ రొయ్యల చెరువూ కోరుకుంటున్నప్పుడు దేనికి ఎంత చోటివ్వాలన్నది కొలతలతో తేలే విషయం కాదు. అది ఆ నేల మీద, ఆ నీటి మీద బతికేవారు చెప్పవలసిన మాట. సముద్రాల స్థితికి మార్కులు వేసే అంతర్జాతీయ కొలమానంగా 2012లో వెలువడిన సముద్ర ఆరోగ్య సూచీ (ఓషన్ హెల్త్ ఇండెక్స్) కూడా పది లక్ష్యాలను పెట్టి, వాటిలో దేనికి ఎంత ప్రాధాన్యమివ్వాలో ఆయా ప్రాంతాలు నిర్ణయించుకునే వీలు కల్పించింది.

ఎవరిని అడగాలన్నది తరువాతి ప్రశ్న. నిజాంపట్నంలో బోట్ల మీద వేటకు వెళ్లేవారు, నాగాయలంక వైపు పాయల్లో పీతలు పట్టుకొని బతికే యానాది కుటుంబాలు, చేపలు ఎండబెట్టి అమ్మే స్త్రీలు, చెరువుల రైతులు, ఆ చెరువుల్లో కూలికి వెళ్లేవారు, వీరితో పాటు ఎగువన ఉన్న నగరవాసులు, అందరూ ఈ లెక్కలోకి రావాలి. అయితే వారి జవాబులన్నీ కలిపి ఒకే సగటు తీస్తే, 2011 నాటికే 10 లక్షలు దాటిన విజయవాడ జనాభా ముందు కొన్ని వందల గడపలున్న పల్లె మాట మునిగిపోతుంది. అందుకే ప్రతి వర్గం ఫలితాన్నీ విడివిడిగా చూపాలి. పట్టణంలో ఓటర్ల జాబితా నుంచి యాదృచ్ఛికంగా ఎంచుకున్న 400 మంది జవాబిస్తే, అంచనాలో తేడా సుమారు అయిదు శాతానికి మించదని 95 శాతం నమ్మకంతో చెప్పవచ్చు. వీధులవారీగా గుంపులు గుంపులుగా ఎంచుకుంటే మాత్రం అంతకంటే ఎక్కువ మంది కావాలి. చిన్న పల్లెలో నమూనా అవసరం లేదు, ప్రతి ఇంటికీ వెళ్లడమే మేలు.

వెళ్లే కాలం కూడా ముఖ్యమే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర బోట్ల వేట నిషేధం అమలులో ఉంటుంది కనుక, ఆ రోజుల్లో వేటగాళ్లు ఒడ్డునే ఉంటారు, నింపాదిగా మాట్లాడతారు. స్త్రీలతో విడిగా, వారి అమ్మకాలు ముగిసిన తరువాత కూర్చోవాలి. యానాది కుటుంబాలను పంచాయతీ కార్యాలయానికి పిలిపిస్తే వచ్చేవారు తక్కువ, వచ్చినా నోరు విప్పేవారు మరీ తక్కువ. మనమే వారి గూడేనికి వెళ్లాలి.

ప్రశ్నల విషయంలో నేను చాలా పట్టుదలతో ఉంటాను. ‘మడ అడవులను కాపాడాలా?’ అని అడిగితే అందరూ అవునంటారు, ఆ జవాబుతో ఏ నిర్ణయమూ తీసుకోలేం. అందుకు బదులు మడ అడవి, పీతలు, తాబేళ్లు, తాగునీరు, చెరువుల ఆదాయం, తుపాను నుంచి రక్షణ వంటి బొమ్మల కార్డులు పరచి, మనిషికి 20 చింతపిక్కలు ఇచ్చి, దేనికి ఎన్ని పెడతారో పెట్టమనాలి. ఒకదానికి ఎక్కువ పెట్టాలంటే మరొకదానికి తగ్గించక తప్పదు. ఆ తగ్గించేటప్పుడు చెప్పే కారణాన్ని ఆ మాటల్లోనే రాసుకోవాలి. జ్ఞాపకాలను అడిగేటప్పుడు ఏళ్లు చెప్పమనకూడదు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనకు ముందు మడ ఎంత దూరం ఉండేది, 1990 మే తుపాను నాటికి పాయలో ఏ చేపలు పడేవి అని అడిగితే పెద్దలకు వెంటనే గుర్తుకొస్తుంది. మూడు తరాలవారినీ ఇవే ప్రశ్నలు అడగడం అవసరం, ఎందుకంటే ఇరవై ఏళ్ల కుర్రవాడు తాను పుట్టినప్పటి నుంచి చూస్తున్న స్థితినే తీరం అసలు స్థితి అనుకుంటాడు.

వచ్చిన మాటలను కొలవగల లక్ష్యాలుగా మార్చడమే అన్నింటికంటే కష్టమైన పని. ‘మండ పీతలు మునుపటిలా దొరకాలి’ అన్న కోరికను ఒక్కో వేటకు దొరికే పీతల సంఖ్య, వాటి సైజు, పాయలోకి పోటు నీరు ఎంత దూరం వస్తుందన్న కొలతలుగా రాయవచ్చు. ‘నీళ్లలో దిగితే జబ్బు చేయకూడదు’ అన్నదానికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి స్నానపు తీరాలకు పెట్టిన ప్రమాణాలున్నాయి: లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాముల ప్రాణవాయువు, 100 మిల్లీలీటర్లకు 100కు మించని మల కోలిఫారం (నీటిలో మలం కలిసిందని తెలిపే) బ్యాక్టీరియా. సూర్యలంక వైపు గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ల విషయంలో గూళ్ల సంఖ్య, ఒడ్డుకు కొట్టుకొచ్చే కళేబరాల సంఖ్య, రెండూ లెక్కపెట్టాలి. ప్రతి లక్ష్యం పక్కన అది ఎవరి చేతిలో ఉందో కూడా రాయాలి. మడకు ఉప్పునీటితో పాటు మంచినీరూ అందాలి; ఆ నీరు ఎగువన వదలవలసినది కాబట్టి, ఆ లక్ష్యాన్ని నాగాయలంక పల్లె మీద పెట్టడం అన్యాయం.

కొన్నింటిని అభిప్రాయానికి పెట్టకూడదు. ప్రైవేటు భూమిలో కాని మడ అడవి 1000 చదరపు మీటర్లు మించితే చుట్టూ 50 మీటర్ల రక్షణ పట్టీ ఉండాలని తీర ప్రాంత నియంత్రణ నిబంధనలు చెబుతున్నాయి. ఎంతమంది కోరినా దానిని తగ్గించే లక్ష్యం రాయడానికి వీల్లేదు. అభిప్రాయం అడగవలసింది ఆ హద్దుకు పైన ఇంకా ఎంత కావాలన్న దాని గురించే.

లక్ష్యాల ముసాయిదా సిద్ధమయ్యాక దానిని కలెక్టరు కార్యాలయానికి పంపే ముందు అదే పల్లెలకు తీసుకువెళ్లి చదివి వినిపించాలి. ‘మీరన్నది ఇదేనా?’ అని అడిగి, కాదన్న చోట వారి ఎదుటే మార్చి, ఏ మాట ఎవరి కోరిక మేరకు ఎందుకు మారిందో వర్గాలవారీగా, పేర్లు లేకుండా ముసాయిదా చివర నమోదు చేయాలి. మూడేళ్లకు మళ్లీ ఆ వేట నిషేధ కాలంలోనే, అవే కార్డులతో, అన్నే చింతపిక్కలతో వెళితే తప్ప మారింది తీరమో, జనం మనసో పోల్చి చూడలేము.