పాత ఇంగ్లిష్ ఆల్మనాక్ చదవడం – 3వ పాఠం: ఎపాక్ట్‌తో చంద్రుడి వయసు

గత పాఠంలో స్వర్ణ సంఖ్య (19 ఏళ్ల చాంద్ర చక్రంలో ఆ ఏడు ఎన్నోదో చెప్పే అంకె) కట్టాం: సంవత్సరాన్ని 19తో భాగించి, శేషానికి 1 కలిపాం. 1666కి శేషం 13, కాబట్టి స్వర్ణ సంఖ్య 14.

17వ శతాబ్దపు ఆల్మనాక్‌లో (ఏటా వచ్చే పంచాంగం లాంటి పుస్తకం) దాని పక్కనే ఎపాక్ట్ కనిపిస్తుంది. సౌర సంవత్సరం 365 రోజులు, పన్నెండు చాంద్రమాసాలు 354. ఏటా మిగిలే 11 రోజులు పేరుకుంటూ పోగా వచ్చేదే ఎపాక్ట్. స్వర్ణ సంఖ్యను 11తో గుణించి, 30లు తీసేయండి. 14 × 11 = 154, అందులో ఐదు 30లు పోతే 4.

ఇప్పుడు లండన్ మహా అగ్నిప్రమాదం మొదలైన 1666 సెప్టెంబరు 2 తీసుకుందాం. ఎపాక్ట్ 4. మార్చిని ఒకటో నెలగా లెక్కపెడితే సెప్టెంబరు ఏడోది, కాబట్టి 7. తేదీ 2. మొత్తం 13. అంటే అమావాస్య దాటి 13 రోజులు, పున్నమి దగ్గరపడింది. మొత్తం 30 దాటితే 30 తీసేయాలి. నెలకొక రోజు ఎందుకు కలుపుతున్నామంటే, మన నెలకు 30, 31 రోజులుంటే చాంద్రమాసానికి ఇరవై తొమ్మిదిన్నరే.

దీన్ని తిథి అనుకోకండి. తిథి సూర్యచంద్రుల మధ్య 12 డిగ్రీల ఎడాన్ని బట్టి మారుతుంది. ఇది సగటు లెక్క, ఒక రోజు అటూ ఇటూ అవుతుంది.

వయసు తెలిస్తే వేళ కూడా తెలుస్తుంది. చంద్రుడు దక్షిణ దిక్కుకు రావడం రోజుకు 48 నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది కాబట్టి, 13 × 48 = 624 నిమిషాలు. మధ్యాహ్నం 12 నుంచి లెక్కిస్తే ఆ రాత్రి 10:24కు చంద్రుడు సరిగ్గా దక్షిణ దిక్కుకు వస్తాడు. లండన్ బ్రిడ్జి దగ్గర పోటుకు మరో 3 గంటలు కలిపేవారు. అంటే తెల్లవారుజామున 1:24.

ఎక్కువమంది తప్పేది జనవరి, ఫిబ్రవరిల్లో. ఈ లెక్కలో ఎపాక్ట్ మార్చితో మారుతుంది, ఆల్మనాక్ మాత్రం జనవరితో మొదలవుతుంది. మొదటి చార్లెస్ రాజుకు శిరచ్ఛేదం జరిగిన 1649 జనవరి 30కి 1648 నాటి ఎపాక్ట్ 15 వాడాలి. జనవరికి 11, తేదీ 30. మొత్తం 56, 30 తీస్తే 26. కృష్ణపక్షం చివర. 1649 ఎపాక్ట్ 26 వేస్తే 7 వచ్చి, చంద్రుడు శుక్లపక్షంలోకి గెంతుతాడు.

ఇంకో తప్పు: తేదీని గ్రెగోరియన్‌లోకి (నేటి క్యాలెండరులోకి) మార్చి వేయడం. ఇంగ్లండు 1752 దాకా పాత జూలియన్ క్యాలెండరు లెక్కలోనే ఉంది, ఈ ఎపాక్ట్ దానికే పనికొస్తుంది.

అభ్యాసం: తర్వాత ఇంగ్లండు రాజైన ఆరెంజ్ విలియం, అక్కడి టోర్బే తీరంలో దిగిన 1688 నవంబరు 5. జవాబు 21. మీకు 20 వస్తే మార్చిని లెక్కపెట్టకుండా వదిలేశారు. 1 వస్తే గ్రెగోరియన్ తేదీ నవంబరు 15 వేశారు.