పాత మారుతీ వ్యాన్ ఇగ్నిషన్: సామాను మార్చేముందు కరెంటు ఎక్కడ ఆగిందో చూడండి

మా ఇంట్లో ఉన్నది 92 మోడల్ ఓమ్నీ, పాయింట్స్ డిస్ట్రిబ్యూటర్‌ది. డిస్ట్రిబ్యూటర్ అంటే స్పార్క్‌ని ప్లగ్గులకి పంచేది, పాయింట్స్ అంటే దాంట్లో కాయిల్ కరెంటుని కలుపుతూ తెంచుతూ ఉండే చిన్న స్విచ్చి. నాన్న దాంట్లో దామలచెరువు మండీకి మామిడికాయలు తోలేవాడు, ఇప్పుడు నేను చిత్తూరు నుంచి పలమనేరు, కాణిపాకం తిప్పుతున్నా. రెండేళ్ల కిందట ఎండాకాలంలో బంగారుపాళ్యం దాటి మొగిలి ఘాట్ ఎక్కుతుంటే జెర్కులు కొట్టి ఆగిపోయింది. అరగంట చల్లారాక ఏమీ జరగనట్టు స్టార్ట్ అయింది. "కార్బురేటర్ పోయింది సామీ" అన్నాడు మెకానిక్. మార్పించాను. వారం తర్వాత దాదాపు అదే మలుపులో మళ్ళీ ఆగింది. చివరికి తేలిందేంటంటే కండెన్సర్, పాయింట్స్ మధ్య మెరుపు రాకుండా చూసే, బొటనవేలంత కూడా ఉండని ముక్క. అప్పటినుంచి ఈ పని నేనే చేసుకుంటున్నా. మీ దగ్గర కూడా ఇలాంటి బండి ఉంటే ఇది చదివాక కనీసం మెకానిక్ దగ్గర ఏం అడగాలో తెలుస్తుంది.

1984లో మారుతీ వ్యాన్ పేరుతో వచ్చి, 1988లో ఓమ్నీగా పేరు మారిన ఈ బండిలో 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజన్ ముందు సీట్ల కింద ఉంటుంది. సీటు ఎత్తితే చాలు, అన్నీ చేతికి అందుతాయి, అదొక్కటే సుఖం. ఆ వేడంతా కూడా అక్కడే తిరుగుతుంది కాబట్టి ఎండాకాలంలో పెట్రోలు పైపులో ఆవిరై బండి ఆగడం, కాయిల్ (బ్యాటరీ కరెంటుని స్పార్క్‌కి సరిపడా వోల్టులకి పెంచేది) గానీ కండెన్సర్ గానీ వేడెక్కి ఆగడం, ఈ రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలియాలంటే ఆగిన క్షణంలోనే చూడాలి, చల్లారాక చూస్తే అంతా బాగానే ఉంటుంది.

అందుకని బండిలో ఒక పాత ప్లగ్గు పెట్టుకోండి. ఆగగానే ఒక హెచ్‌టి వైరు (ప్లగ్గుకి పోయే లావు వైరు) ఊడదీసి దానికి ఈ ప్లగ్గు తొడిగి, ప్లగ్గు ఒంటిని ఇంజన్ లోహానికి గట్టిగా ఆనించి, పక్కవాళ్ళని సెల్ఫ్ కొట్టమనండి. నీలంగా టప్ టప్‌మని స్పార్క్ వస్తే మీ గొడవ పెట్రోలుది, ఇక ఈ వ్యాసంతో పనిలేదు. సన్నగా పసుపుగా వచ్చినా, అసలు రాకపోయినా ఇగ్నిషనే. వైరుని వట్టి చేత్తో పట్టుకోవద్దు, వేల వోల్టులుంటాయి. పెట్రోలు కారుతున్నా, ఎల్పీజీ కిట్ ఉండి వాసన వస్తున్నా ఈ పరీక్ష జోలికి పోకండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు అసలు దగ్గరికే రాకూడదు.

ఇంటికొచ్చాక బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి ప్లగ్గు దాకా వరసగా రండి. బండి ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కిందికి జారితే ముందు బ్యాటరీ, ఎర్త్ వైరు సంగతి చూడండి, తక్కువ కరెంటులో ఎంత మంచి కాయిలైనా ఏం చేస్తుంది.

తర్వాత కాయిల్ ప్లస్ దగ్గర మీటర్ పెట్టండి. ఇక్కడే చాలామంది పొరబడతారు. తాళం ఆన్ చేసి మీటర్ పెడితే 12 చూపిస్తుంది, సరే బాగుందనుకుంటారు. కానీ ఆ సమయంలో పాయింట్స్ తెరుచుకుని ఉంటే కాయిల్లో కరెంటే పారదు, కరెంటు పారనప్పుడు కుళ్ళిపోయిన వైరు కూడా 12 చూపిస్తుంది. పాయింట్స్ మూసుకుని ఉన్నప్పుడు కొలవాలి. బలాస్ట్ రెసిస్టర్ (కాయిల్‌కి పోయే వోల్టులు తగ్గించే ముక్క) లేని కాయిల్ అయితే బ్యాటరీకి దగ్గర్లోనే ఉండాలి, ఉన్నదైతే సుమారు 6 నుంచి 8 వోల్టులు ఉంటుంది. మా బండిలో బలాస్ట్‌కి ముందే రెండు వోల్టులు తగ్గుతున్నాయి, కారణం ముప్పై ఏళ్ల తాళం స్విచ్చి. కొలిచేటప్పుడు తాళం ఎక్కువసేపు ఆన్‌లో వదిలేయకండి, కాయిల్ కాలిపోతుంది.

ఇక పాయింట్స్. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీసేముందు హెచ్‌టి వైర్లకి టేపు మీద నంబర్లు రాసి అంటించండి. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లకి స్పార్క్ అందే వరస, 1-3-2, తారుమారైతే బండి తుమ్ముతుంది తప్ప నడవదు. ప్లగ్గులు మూడూ విప్పేసి నాలుగో గేరులో బండిని మెల్లగా నెడితే ఇంజన్ తిరుగుతుంది, పాయింట్ మడమ (క్యామ్‌కి రాసుకునే ముక్క) సరిగ్గా క్యామ్ (డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ మీద పాయింట్స్‌ని తెరిచే గుబ్బలు) కొన మీదికి వచ్చినప్పుడు ఆపి, పాయింట్స్ మధ్య సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టండి. 0.4 నుంచి 0.5 మిల్లీమీటర్లు. గేజ్ కొంచెం రాసుకుంటూ రావాలి, అంతే. పాయింట్స్ మీద గుంటలు, గుట్టలు పడుంటే ఎమరీ కాగితంతో రుద్ది ఒక నెల నెట్టుకురావచ్చు, మార్చడమే మంచిది. కొత్తవి వేసినప్పుడు వాటిమీద ఉండే నూనె పొరని తుడవాలి, లేకపోతే కొత్త పాయింట్స్‌తోనే స్టార్ట్ కాదు, మనం ఇంకేదో విప్పడం మొదలుపెడతాం. క్యామ్‌కి ఆవగింజంత గ్రీజు చాలు.

పాయింట్స్ వేగంగా నల్లబడుతున్నా, నడుస్తున్నప్పుడు వాటి మధ్య తెల్లగా పెద్ద మెరుపులు వస్తున్నా కండెన్సర్ని అనుమానించండి. మీటర్‌లో కెపాసిటన్స్ ఉంటే సుమారు 0.2 మైక్రోఫారడ్ పైన చూపాలి, అయితే చల్లగా ఉన్నప్పుడు బాగానే చూపించి వేడెక్కితే చచ్చిపోయేవి ఉన్నాయి, మాది అదే రకం. ఈ మధ్య దొరికే కొత్తవి అన్నీ నమ్మలేం, కాబట్టి పనిచేస్తున్న పాతదాన్ని పారేయకండి.

క్యాప్ లోపల వెంట్రుకంత నల్ల గీత కనిపిస్తే అది కరెంటు దొంగదారి. నవంబరు వానల్లో తిరుపతి వైపు పొద్దున్నే స్టార్ట్ కాని పాత బండ్లలో చాలావరకు ఇదే కథ, చెమ్మ పట్టి స్పార్క్ ప్లగ్గుకి పోకుండా ఇంజన్ ఒంటికి పోతుంది. రాత్రి లైట్లన్నీ ఆపి, సీటు ఎత్తి, బండి నడుస్తుండగా చూస్తే వైర్ల మీద, క్యాప్ మీద నీలం మెరుపులు పాకుతూ దొరికిపోతాయి. హెచ్‌టి వైరు ఏదైనా 20 కిలో ఓమ్‌లు దాటితే మార్చండి. ప్లగ్గు గ్యాప్ 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు.

టైమింగ్, అంటే స్పార్క్ ఏ క్షణంలో రావాలన్నది, ఎప్పుడూ చివర్లోనే. పాయింట్ గ్యాప్ పెరిగితే టైమింగ్ ముందుకి, తగ్గితే వెనక్కి జరుగుతుంది కాబట్టి ముందు టైమింగ్ పెట్టి తర్వాత గ్యాప్ కదిలిస్తే చేసిందంతా వృథా. డిస్ట్రిబ్యూటర్‌కి వచ్చే సన్న వాక్యూమ్ పైపు తీసి మూసి, మాన్యువల్‌లో ఉన్న డిగ్రీలకి టైమింగ్ లైటుతో పెట్టండి. ఆ పైపుని నోటితో పీల్చి నాలుక అడ్డం పెడితే పట్టు నిలవాలి, నిలవకపోతే లోపలి డయాఫ్రమ్ (పల్చటి పొర) చిరిగింది. తర్వాత ఏదైనా ఎత్తు ఎక్కించి చూడండి, టకటకమని నాకింగ్ వస్తే కొంచెం వెనక్కి తిప్పాలి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాకే అప్‌గ్రేడ్ మాట. నా లెక్కలో మొదటిది రిలే (కొద్ది కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చి), ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. కింద చెప్పే నంబర్లు దాని కాళ్ళ మీద రాసి ఉండేవి. తాళం నుంచి కాయిల్‌కి వచ్చే వైరుని రిలే 86కి ఇచ్చి, 85ని బాడీకి ఎర్త్ చేసి, బ్యాటరీ నుంచి 15 ఆంప్స్ ఫ్యూజు మీదుగా 30కి లైను తెచ్చి, 87 నుంచి కాయిల్‌కి పంపండి. బలాస్ట్ ఉన్న బండిలో 87 వైరు బలాస్ట్ ముందు వైపుకే పోవాలి. నేరుగా కాయిల్‌కి ఇస్తే మొదటి రోజు బ్రహ్మాండంగా ఉంటుంది, తర్వాత కాయిల్ ఉడికిపోతుంది.

రెండోది పాయింట్స్ తీసేసి ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెట్టడం. క్యామ్ మీద అయస్కాంతాల రింగు, పక్కన సెన్సరు, అరగే మడమ లేదు కాబట్టి టైమింగ్ జరగదు. డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్‌ని వేళ్లతో పట్టి ఊపితే కదులుతుంటే మాత్రం ముందు బుష్ వేయించండి. కాయిల్ ప్రైమరీ ఎన్ని ఓమ్‌లు ఉండాలో మాడ్యూల్ వాళ్ళ కాగితంలో చూసి కొనండి. బలాస్ట్ రకానివి సుమారు 1.5, మామూలువి 3 దగ్గర ఉంటాయి. ప్లస్ మైనస్ తారుమారు చేస్తే మాడ్యూల్ ఒక్క సెకనులో పోతుంది. హెచ్‌టి వైరు గాలిలో వదిలి సెల్ఫ్ కొట్టడం కూడా ఇక బంద్.

హై పవర్ కాయిల్ అని రంగురంగుల డబ్బాల్లో అమ్మేవి పాయింట్స్ ఉన్న బండికి వద్దు, ప్రైమరీ ఓమ్‌లు తక్కువుంటే పాయింట్స్ నెలలోనే కాలతాయి.

మాడ్యూల్ ఎంత మంచిదైనా పోయేటప్పుడు చెప్పి పోదు. పాయింట్స్ రోడ్డు పక్కన గీకి బాగుచేసుకోవచ్చు, దీన్ని అలా చేయలేం. పాత పాయింట్స్ ప్లేటు, కండెన్సర్, ఫీలర్ గేజ్, చిన్న స్క్రూడ్రైవరు ఒక డబ్బాలో వేసి డ్యాష్‌బోర్డులో పెట్టుకోండి. సీటు కింద పెట్టకండి, అక్కడ ఇంజనుంది.