ఇంట్లో హెవీ వర్కౌట్: ఒళ్లు దెబ్బతినకుండా ఎలా చేయాలి?

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం... ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు వైపున్న మన ఊళ్లలో ఇప్పుడు చాలామంది ఫోన్ ఎదురుగా పెట్టుకుని 60 రోజులు, 90 రోజుల ప్రోగ్రాములు చేస్తున్నారు. మంచిదే. కానీ వీడియోలో గెంతేవాళ్లు ఏళ్లుగా సాధన చేసినవాళ్లు. మొదటి రోజే వాళ్ల వేగం అందుకోవాలని చూస్తే మోకాళ్లో, నడుమో పట్టేస్తాయి. కొన్ని వారాల్లోనే ఆయాసం తగ్గి హుషారు వస్తుంది. కీళ్లను పట్టి ఉంచే స్నాయువులు గట్టిపడాలంటే మాత్రం నెలలు కావాలి. దెబ్బలు తగిలేది ఎక్కువగా హుషారు వచ్చాక, స్నాయువులు ఇంకా గట్టిపడకముందే.

మొదలుపెట్టే ముందు

బీపీ, షుగర్, గుండె జబ్బు, పాత మోకాలి దెబ్బ ఉన్నవాళ్లు, నలభై దాటాక తొలిసారి మొదలుపెట్టేవాళ్లు డాక్టర్‌ను అడగాలి.

మన ప్రాంతంవాళ్లు మరో పరీక్ష కూడా చేయించుకోవాలి, అది సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య రక్త జబ్బు. దక్షిణ, పశ్చిమ ఒడిశాలో ఆదివాసుల్లోనే కాదు, ఇతరుల్లోనూ ఇది ఉంది. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే ఆ జన్యు లక్షణం (ట్రెయిట్) వచ్చినవాళ్లకు మామూలుగా ఏ ఇబ్బందీ ఉండదు, అందుకే చాలామందికి ఆ సంగతే తెలియదు. అలవాటు లేని ఒంటితో, ఎండవేళ, ఆగకుండా చేస్తే మాత్రం వాళ్లలో కొందరికి కండరాలు దెబ్బతిని కుప్పకూలే ప్రమాదం ఉంది. 2023 జులైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. ఈ పరీక్ష కోసం దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి. లక్షణం ఉందని తేలినా వ్యాయామం మానక్కర్లేదు. మెల్లగా పెంచాలి, మధ్యమధ్యలో ఆగాలి, నీళ్లు బాగా తాగాలి.

వేళ, చోటు

గంజాం తీరం వైపు ఉక్కపోతలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. కాబట్టి తెల్లవారుజామునే, కిటికీలు తెరిచి, ఫ్యాన్ వేసుకుని చేయండి. భోజనం అయ్యాక రెండు మూడు గంటలు ఆగాలి. పొద్దున్నే అయితే గంట ముందు ఒక గ్లాసు రాగి అంబలి చాలు. టైల్స్ మీద సాక్సులతో గెంతొద్దు. చెమట చుక్క పడ్డా కాలు జారుతుంది. షూ వేసుకోండి, కింద జారని మ్యాట్ పరచండి.

వామప్

పది నిమిషాలు. ఉన్నచోటే నడక, భుజాలు తిప్పడం, నడుం తిప్పడం, సగం వరకే దిగే నెమ్మది స్క్వాట్లు (గుంజీళ్లలా కూర్చుని లేవడం). కదలకుండా సాగదీసి పట్టుకునే స్ట్రెచ్‌లు చివరికి ఉంచుకోండి.

మొదటి మూడు వారాలు

అసలు జాగ్రత్త ఇక్కడే కావాలి. వీడియో అరగంట ఉంటే మొదటి వారం పదిహేను నిమిషాలకే ఆపేయండి. రోజు విడిచి రోజు, వారానికి మూడుసార్లు చాలు. గెంతేవన్నీ గెంతకుండా చేయండి: బర్పీలో (వంగి చేతులు నేలకు ఆనించి, కాళ్లు వెనక్కి వేసి, మళ్లీ లేచి గెంతే వ్యాయామం) కాళ్లను ఒక్కొక్కటిగా వెనక్కి వేయాలి, జంప్ స్క్వాట్ బదులు మామూలు స్క్వాట్. రెండో వారం అయిదు నిమిషాలు పెంచండి. గెంతులు మూడో వారంలో, అవీ కొద్దికొద్దిగా.

స్క్వాట్‌లో మడమలు లేవకూడదు, మోకాళ్లు లోపలికి వాలకూడదు. గెంతి దిగేటప్పుడు మోకాళ్లు కొంచెం వంచి, ముందు పాదం ముందుభాగం, తర్వాత మడమ ఆనించాలి. ధన్‌మని చప్పుడొస్తే ఆ దెబ్బంతా కీళ్లకే. ప్లాంక్‌లో (మోచేతులు, కాలివేళ్ల మీద ఒళ్లంతా తిన్నగా నిలిపి ఉంచడం) నడుం కిందికి జారిందంటే ఆ సెట్ అక్కడితో అయిపోయినట్టే, గడియారం చూడొద్దు. పక్కనుంచి ఎవరితోనైనా వీడియో తీయించుకుంటే తప్పులు మీకే కనిపిస్తాయి. ఇంకో రౌండ్‌కు ముందు ఒక వాక్యం పూర్తిగా మాట్లాడి చూడండి. మాట మధ్యలో ఆగిపోతుంటే ఇంకాస్త విశ్రాంతి తీసుకోవాలి.

నొప్పి వస్తే

మర్నాడు రెండు తొడలూ సమానంగా పీకుతుంటే భయం లేదు, మూడు రోజుల్లో తగ్గుతుంది. కీలులో, ఒక పక్కనే, సూదిలా పొడిచే నొప్పి వేరు. దానితో చేయొద్దు. చీలమండ బెణికితే గుడ్డలో చుట్టిన ఐస్ పదిహేను నిమిషాలు పెట్టి, క్రేప్ బ్యాండేజ్ కట్టి, కాలు ఎత్తులో ఉంచండి. వెంటనే లాగించుకోవడం, మర్దన చేయించుకోవడం దయచేసి వద్దు, వాపు పెరుగుతుంది. నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే ఎక్స్‌రే తీయించాలి. కండరాలు బిగుసుకుపోయి, మూత్రం కోలా రంగులో వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, లేకపోతే కిడ్నీలు దెబ్బతినొచ్చు. ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం ఉంటే ఆపేసి 108కి ఫోన్ చేయండి.

జ్వరం వచ్చాక

కొరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి వైపు మలేరియా మామూలే. జ్వరంతో వ్యాయామం చేయొద్దు. మలేరియాలో చాలామందికి ప్లీహం (పొట్టలో ఎడమ పక్క ఉండే అవయవం) వాస్తుంది, అప్పుడు గెంతడం, పొట్టకు దెబ్బ తగలడం ప్రమాదం. మందుల కోర్సు పూర్తయి, డాక్టర్ సరేనన్నాక మళ్లీ మొదటి వారం లెక్కతోనే, ఆ పదిహేను నిమిషాలతోనే మొదలుపెట్టండి.