డాస్ పీసీలో సీరియల్ పోర్టుకు బఫర్ రాసే విధానం

డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ నడిచే పీసీలో సీరియల్ పోర్టును (బిట్లను ఒకదాని వెంట ఒకటిగా పంపే పోర్టు) చదవడానికి బయోస్ (పీసీలోనే ఉండే మూల ప్రోగ్రామ్) ఇచ్చే సేవ ఉన్నా, దానితో ప్రతి బైటు కోసం ప్రోగ్రామే పదే పదే పోర్టు వైపు చూడాల్సి వస్తుంది. 9600 బాడ్ (ఇక్కడ సెకనుకు 9600 బిట్ల వేగం) వద్ద స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి బైటుకు 10 బిట్లు కాబట్టి సెకనుకు 960 బైట్లు, అంటే సుమారు మిల్లీసెకనుకు ఒకటి వస్తుంది. సీరియల్ పోర్టును నడిపే 8250, 16450 చిప్పుల్లో అందిన బైటు నిలవడానికి ఒక్కటే చోటు ఉంటుంది. ప్రోగ్రామ్ డిస్కుకు రాస్తూ ఆ కాస్త సమయం ఆలస్యం చేసినా, కొత్త బైటు పాతదాన్ని చెరిపేస్తుంది. ఇంటరప్టు (బైటు రాగానే ప్రాసెసర్ చేస్తున్న పనిని ఆపించే సంకేతం) నింపే బఫర్ (బైట్లను తాత్కాలికంగా దాచే చోటు) ఒక్కటే దీనికి సరైన పరిష్కారం.

మొదటి పోర్టు, అంటే కామ్1, బేస్ అడ్రస్ (చిప్ రిజిస్టర్లు మొదలయ్యే చోటు) హెక్స్‌లో (16 ఆధారంగా గల సంఖ్యల్లో) 3ఎఫ్8, ఇంటరప్టు లైను 4, వెక్టర్ (ఇంటరప్టు వస్తే ఎక్కడికి దూకాలో చెప్పే స్థానం) హెక్స్ 0సి. బేస్+3 రిజిస్టరులో 7వ బిట్ పెట్టి, బేస్‌లో 12, బేస్+1లో 0 రాస్తే వేగం 9600 అవుతుంది, ఎందుకంటే 115200ను కావలసిన వేగంతో భాగిస్తే వచ్చేదే ఈ డివైజర్. తర్వాత బేస్+3లో 3 రాస్తే 8 డేటా బిట్లు, పారిటీ లేకుండా, ఒక స్టాప్ బిట్ కుదురుతాయి, పైన పెట్టిన 7వ బిట్ కూడా తొలగిపోతుంది. పాత వెక్టర్‌ను భద్రపరచి, మన హ్యాండ్లర్‌ను (ఇంటరప్టు వచ్చినప్పుడు నడిచే కోడ్) తగిలించి, బేస్+1లో 1, బేస్+4లో హెక్స్ 0బి రాయాలి. ఈ రెండో విలువలో అవుట్2 అనే బిట్ ఉంటుంది. దాన్ని పెట్టకపోతే చిప్ ఇంటరప్టు లేపినా అది ప్రాసెసర్ దాకా చేరదు. బైటు వచ్చినట్టు బేస్+5 చూపిస్తూనే ఉంటుంది, హ్యాండ్లర్ మాత్రం కదలదు. చివరగా పోర్టు హెక్స్ 21లోని ఇంటరప్టు మాస్క్‌లో (ఏ లైన్లను అడ్డుకోవాలో చెప్పే రిజిస్టరు) 4వ బిట్‌ను తీసేయాలి.

బఫర్‌కు 1024 బైట్ల వలయం (చివరకు చేరాక మళ్లీ మొదటికి తిరిగేది) చాలు. రాసే సూచిక హెడ్‌ను హ్యాండ్లర్ మాత్రమే, చదివే సూచిక టెయిల్‌ను ప్రధాన ప్రోగ్రామ్ మాత్రమే మార్చాలి. ఈ నియమం పాటిస్తే, 16 బిట్ల సూచికను ప్రాసెసర్ ఒకే ఆదేశంతో రాస్తుంది కనుక, ఇంటరప్టులను ఆపాల్సిన పనే ఉండదు. సీ భాషలో ఈ రెండింటినీ, బఫర్‌నూ వోలటైల్‌గా (విలువ మధ్యలో మారవచ్చని కంపైలర్‌కు చెప్పే మాట) ప్రకటించడం మరువకూడదు. హెడ్‌కు 1 కలిపి 1023తో యాండ్ చేయగా వచ్చిన విలువ టెయిల్‌తో సమానమైతే బఫర్ నిండినట్టు. హెడ్, టెయిల్ సమానమైతే ఖాళీ. నాలుగింట మూడొంతుల భాగం నిండగానే ఆర్‌టీఎస్‌ను (పంపవచ్చని అవతలి పరికరానికి చెప్పే సంకేతం) దించడం మేలు, అయితే అవతలి పరికరం దాన్ని గౌరవించాలి.

హ్యాండ్లర్‌లో బేస్+2ను చదువుతూ, దాని 0వ బిట్ 1 అయ్యేదాకా కారణాలన్నిటినీ తీర్చాలి. ఐసా బస్సులో (పాత పీసీలో కార్డులను కలిపే మార్గం) ఇంటరప్టు సిగ్నల్ అంచును, అంటే లైను కింది నుంచి పైకి మారే క్షణాన్ని బట్టి పనిచేస్తుంది కాబట్టి, ఒక్క కారణం మిగిలినా లైను పైనే ఉండిపోతుంది, కొత్త ఇంటరప్టు ఇక రాదు. ఆ తర్వాతే, ఇంటరప్టు పని ముగిసిందని తెలిపేందుకు, పోర్టు హెక్స్ 20కి హెక్స్ 20 పంపాలి. హ్యాండ్లర్‌లో డాస్ సేవలను పిలవకూడదు.

16550ఏ చిప్ ఉంటే బేస్+2లో హెక్స్ 87 రాసి 16 బైట్ల ఫిఫోను (ముందు వచ్చిన బైటు ముందు బయటికి వచ్చే వరుస) వాడుకోవచ్చు. 14 బైట్లకు ఇంటరప్టు పెట్టుకుంటే మిగిలేది 2 బైట్ల చోటే కాబట్టి 8 దగ్గర ఆగడం సురక్షితం, 87 చేసేది అదే. బేస్+2ను తిరిగి చదివినప్పుడు పై రెండు బిట్లూ 1గా ఉంటేనే ఆ ఫిఫోను నమ్మాలి.

ముగించేటప్పుడు మాస్క్‌లో 4వ బిట్‌ను తిరిగి పెట్టి, బేస్+1ను, అవుట్2ను సున్నా చేసి, పాత వెక్టర్‌ను యథాస్థానంలో పెట్టాలి. కంట్రోల్-సి నొక్కినా ఈ పని జరిగేలా చూడాలి, లేకపోతే తర్వాత వచ్చే తొలి బైటుకే ప్రాసెసర్ ఖాళీ అయిన మెమరీలోకి దూకి యంత్రం స్తంభించిపోవచ్చు.