పచ్చగా ఉండగానే వాడిపోయే టమాటా: మందు కొట్టే ముందు గ్లాసు నీళ్లతో పరీక్ష

కనిపించేది: నిన్నటిదాకా నవనవలాడిన మొక్క ఎండ పడగానే తల వాల్చేస్తుంది. సాయంత్రానికి తేరుకున్నట్టే ఉంటుంది, రెండు మూడు రోజుల్లో ఇక లేవదు. నేలలో తడి ఉంది, ఆకు మాత్రం పసుపెక్కలేదు, మచ్చ లేదు. వంగ, మిరప, బంగాళాదుంపలోనూ ఇదే తంతు.

చాలామంది వెంటనే శిలీంద్రనాశిని పిచికారీ చేస్తారు. డబ్బు దండగ అయ్యేది అక్కడే.

తేల్చుకోవడం: నేలకు దగ్గరగా కాండం కోసి, వేలెడు ముక్కను శుభ్రమైన నీళ్ల గ్లాసులో కొస మాత్రమే మునిగేలా వేలాడదీయండి. కదపొద్దు. కొద్ది నిమిషాల్లో కోసిన చోటు నుంచి పాలలాంటి తెల్లని దారాలు కిందికి జారితే అది బాక్టీరియా ఎండు తెగులు. దారాలు రాకుండా, కింది ఆకులు ముందు పసుపెక్కి, కాండం చీలిస్తే లోపల గోధుమరంగు గీతలుంటే ఫ్యుజేరియం శిలీంద్రాన్ని అనుమానించాలి. వేళ్ల మీద బుడిపెలుంటే నులిపురుగులు. అయితే అవి చేసిన గాయాల్లోంచే బాక్టీరియా కూడా దూరుతుంది కాబట్టి, బుడిపెలు కనిపించినా గ్లాసు పరీక్ష మానొద్దు.

కారణం: రాల్‌స్టోనియా సొలనేసియారమ్. 1896లో అమెరికా మొక్కల తెగుళ్ల శాస్త్రవేత్త ఎర్విన్ స్మిత్ వర్ణించిన ఈ నేల బాక్టీరియా 200కు పైగా మొక్క జాతులకు సోకుతుంది. వేరు గాయాల గుండా నీటి నాళాల్లో చేరి, జిగురు స్రవించి వాటిని పూడ్చేస్తుంది. వేరు నుంచి నీరు పైకెక్కదు. మనం ఎంత తడి పెట్టినా మొక్కకు దాహమే. వేడి, తడి కలిసిన నేలలో మరీ చెలరేగుతుంది.

చేయాల్సింది: వాడిన మొక్కను నయం చేసే మందు లేదు. వేళ్లతో, చుట్టూ ఉన్న మట్టితో సహా తీసి కాల్చేయండి. కంపోస్టు గుంతలోనో కాలువలోనో పడేస్తే తెగులును మనమే పంచినట్టు. ఆ చోటి నీరు పక్క సాళ్లకు పారకుండా కట్టేయండి. కొడవలి, పార బ్లీచింగ్ నీళ్లలో కడగండి. వేళ్లు తెగేలా దగ్గరగా తవ్వకం వద్దు.

తర్వాతి పంటగా వరి, మొక్కజొన్న మేలు. ఒక్క ఏడాది మార్పిడితో మాత్రం నేల శుభ్రపడదు, కామంచి లాంటి కలుపులోనూ ఇది బతికేస్తుంది. మళ్లీ టమాటాయే వేయాలంటే హవాయి 7996 టమాటా, ఈజీ 203 వంగ వంటి, తెగులును తట్టుకునే రకాల వేరు మూలాలపై (అంటులో కింది వేరు భాగం) అంటుకట్టిన నారు వాడండి. వాటికీ పూర్తి భరోసా లేదు. ఉష్ణోగ్రత బాగా పెరిగినా, తెగులు రకం మారినా అవీ లొంగొచ్చు. బంగాళాదుంపైతే ఆ మడి నుంచి విత్తన దుంపలు తీయొద్దు, పైకి బాగున్న దుంపలోనూ బాక్టీరియా దాగి ఉండొచ్చు.