దాణాలో మిథియోనిన్ సమంగా కలవాలంటే

సొంతంగా దాణా కలుపుకునే చిన్న కోళ్ల ఫారాల్లో ఒక చిక్కు ఉంటుంది. 100 కిలోల లేయర్ (గుడ్లు పెట్టే కోళ్ల) దాణాకు డీఎల్ మిథియోనిన్ (కోళ్లకు అవసరమైన ఒక అమైనో ఆమ్లం, పొడిగా దొరుకుతుంది) కావాల్సింది 100 నుంచి 150 గ్రాములే. గుప్పెడు పొడిని గుట్ట మీద చల్లి పారతో తిప్పితే అది ఒకచోటే ఉండిపోతుంది. కొన్ని కోళ్లకు ఎక్కువ, కొన్నింటికి అసలు అందదు. గుడ్డు సైజు తగ్గడం అక్కడే మొదలవుతుంది.

ముందు పొడిని డిజిటల్ కాటా మీద తూచండి, చెంచా లెక్క వద్దు. దాన్ని ఒక కిలో మెత్తటి మొక్కజొన్న పిండిలో చేత్తో బాగా కలపండి. ఆ కిలోని 5 కిలోల పిండిలో, దాన్ని మళ్లీ 20 కిలోల దాణాలో కలిపి, చివరికి మొత్తం గుట్టలో వేసి నాలుగైదుసార్లు తిరగేయండి. పిండి మెత్తగా ఉండటం ముఖ్యం, నూకలో పొడి అడుగుకు జారిపోతుంది. విటమిన్ల పొడినీ ఇలాగే కలపొచ్చు. అరగంట పని పెరుగుతుంది కానీ ఖరీదైన పొడి వృథా కాదు.

ఈ మోతాదు మొక్కజొన్న, సోయా చెక్కతో చేసిన దాణాకే సరిపోతుంది. ధర ఎక్కువని సోయా తగ్గించి వేరుశనగ చెక్క పెంచితే లైసిన్ (మిథియోనిన్ లాంటిదే మరో అమైనో ఆమ్లం) కూడా తగ్గుతుంది. అప్పుడు మిథియోనిన్ ఎంత బాగా కలిపినా ఫలితం కనిపించదు. అలా మార్చేటప్పుడు లైసిన్ ఎంత వేయాలో పశువైద్యుడిని అడిగి వేయండి. కాన్సన్‌ట్రేట్ (ప్రొటీన్, విటమిన్లు, ఖనిజాలు ముందే కలిపి అమ్మే మిశ్రమం) కొని కలిపేవాళ్లు బస్తా మీద లేబుల్ చూడండి, చాలావాటిలో మిథియోనిన్ ముందే ఉంటుంది.